మన జిల్లాల ప్రకృతి స్థలములు – విహారము, సంరక్షణ

హైదరాబాదు శాసనసభా భవనాన్ని ఆనుకొని ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌కు ఉర్దూలో ‘బాగే ఆమ్’ అని పేరు. ‘బాగ్’ అనగా తోట. ‘ఆమ్’ అనగా సర్వజనులకు చెందినది. ఉర్దూ చదువుకొనే మన విద్యార్థులకు ఈ మాట వివరించనక్కరలేదు. తెలుగు విద్యార్థుల కోసం ఒక్కటి చెప్పిన చాలును: కోటలలో ‘దీవానే ఆమ్’ ఎట్టిదో, తోటలలో ‘బాగే ఆమ్’ అట్టిది. నవాబు తోటకు కావలివాడు ఉంటాడు. ఆమ్ జనుల తోటకు ఆ జనులే కావలి ఉండాలి. తెలుగులో దీనికి ‘ఉమ్మడి’ అనే చక్కని మాట ఉన్నది. కాని ఆ మాటతో మన పెద్దలు చెప్పిన సామెత అంత చక్కనిది కాదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందట! అందరిదీ అయిన వస్తువు ఎవరిదీ కాకుండా పోవడం వారు కళ్లారా చూచి ఉంటారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఇటువంటి ఉమ్మడి స్థలాలకు కొదువ లేదు. హైదరాబాదు, బెంగుళూరు నగరాల వలె పెద్ద పెద్ద ఉద్యానవనాలు మనకు లేవని కొందరు విద్యార్థులు చిన్నబుచ్చుకొంటారు. ఆ చింత అనవసరమని మా అభిప్రాయము. విజయనగరంలో 1713లో కట్టిన కోట ఉన్నది, పెద్దచెరువు ఉన్నది, ఊరి నడుమ అయ్యకోనేరు ఉన్నది. గోస్తనీ నది మీద తాటిపూడి జలాశయము ఉన్నది. నెల్లిమర్ల సమీపంలో రామతీర్థం కొండల మీద బౌద్ధ, జైన శిథిలాలు ఉన్నవి. వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ ఉన్నది. దాని దిగువన నది సముద్రంలో కలిసే కళింగపట్నం, ఉత్తరంగా బారువ తీరం, ఇంకను ఎగువకు పోయిన ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. వీటిలో దేనికీ ప్రహరీ గోడ కట్టి పూలమొక్కలు నాటలేదు. అందుచేత మనము వాటిని ఉద్యానాలని అనుకోము. అయినను ఒక సాయంకాలము మనసుకు విశ్రాంతి నిచ్చే పని అవి ఏ ఉద్యానానికీ తీసిపోకుండా చేస్తున్నవి.

వీటిలో ఒక్క దానిని గూర్చి కొంత విస్తరించి చెప్పదలచినాము. అది టెక్కలి మండలంలోని తేలినీలాపురం.

ఇది చిన్న పల్లె. నౌపడా ఉప్పుమళ్లకు, వాటిని ఆనుకొని ఉన్న పల్లపు నీటి నేలలకు సమీపంలో ఉన్నది. ఆ నేలలను ఆ ప్రాంతంలో ‘తంపర’ అంటారు; సోంపేట వైపు వాటినే ‘బీల’ అంటారు. వానకాలము వెనుకబడుతున్న రోజులలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఈ పల్లెకు వచ్చి చింత మొదలగు చెట్ల మీద పుల్లలతో గూళ్లు కట్టుకొంటవి. వేసవి ముదరక మునుపే పిల్లలతో సహా వెళ్లిపోతవి. చెట్లు అడవిలో లేవు. ఊరిలోనే, ఇండ్ల ప్రక్కనే ఉన్నవి. క్రింద మనిషి నడుస్తుంటాడు, పశువు కట్టివేసి ఉంటుంది, పైన గూడబాతు పిల్లకు మేత పెడుతుంటుంది. పక్షి రెట్ట వాసన గూర్చి పట్టణవాసులు ముక్కు మూసుకోవచ్చును గాని, ఆ ఊరివారు మూసుకోరు. పక్షులు వచ్చిన ఏడు వానలు, పంటలు బాగుంటవని వారి నమ్మకము. పక్షిని కొట్టరు, గూడు దింపరు.

ఈ నమ్మకాన్ని మూఢవిశ్వాసమని కొట్టివేయుటకు మన విద్యావంతులు త్వరపడరాదు. పక్షి వలన వాన రాదు. వాన వలననే పక్షి వస్తుంది. తంపర నిండితే చేప ఉంటుంది, చేప ఉంటే గూడబాతు గూడు కట్టుతుంది. కార్యకారణాలు తారుమారైనను, పక్షుల రాకకూ మంచి ఏటికీ సంబంధము ఉన్నదని పల్లెవారు గ్రహించిన మాట యథార్థమే. తేలుకుంచిలోని నత్తగుల్ల కొంగల విషయములో ఈ సంబంధము మరింత స్పష్టము. ఆ కొంగ ముక్కు మూసినను రెండు దవడల నడుమ సందు మిగిలి ఉంటుంది. నత్తలను పట్టి తినుటకు అది అనువైన పనిముట్టు. తొలకరికి వచ్చి, ఊరి చెట్లపై పిల్లలను లేపి, వరిచేలలో నత్తలను ఏరి తింటుంది. రైతు చెట్టు నిచ్చినాడు, పక్షి చేను బాగుచేసినది. ఇట్టి లెక్క ఏ దస్తావేజులోనూ వ్రాసి ఉండదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. ఈ పక్షులన్నీ సైబీరియా నుండి వేల మైళ్లు ఎగిరి వస్తున్నవని పత్రికలలో ఏటేటా చదువుతూనే ఉన్నాము. ఉపాధ్యాయులు కూడా పిల్లలకు అదే చెబుతున్నారు. వినుటకు ఎంతో సొంపుగా ఉన్నది గాని నిజము కాదు. శీతాకాలములో ఉత్తరదేశాల నుండి మన నీటి పట్టులకు బాతులు, ఉల్లంకులు రావడం వాస్తవమే. కాని చుక్కల ముక్కు గల మన గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ – ఈ మూడును దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. నీటిని, మేతను అనుసరించి ఈ దేశములోనే ఒక చోటి నుండి మరొక చోటికి తిరుగుతవి. ఇది కేవలము పండితుల వాదము కాదు. సైబీరియా అతిథి యని అనుకొన్నంత కాలము, ఇక్కడ చెట్టు పోయినను అది తన దేశములో సుఖముగా ఉంటుందిలే యని మనకు ఒక ధైర్యము. అట్టి స్వదేశము వేరే లేదు. పుట్టుట ఇక్కడనే, తేలినీలాపురంలో గుడ్డు పాడైతే దానికి బదులు సైబీరియాలో మరొక గుడ్డు పొదగబడదు.

కొల్లేటి కథ ఇందుకు సాక్ష్యము. 1946లో కె. కె. నీలకంఠన్ అనే కేరళదేశపు పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేరు సరస్సు ప్రాంతంలో గూడబాతుల పెద్ద కొలువును కనుగొన్నాడు. అప్పుడు అక్కడ సుమారు 3000 పక్షులు గూళ్లలో ఉండెను. 1975 ప్రాంతానికి ఆ కొలువు అంతరించినది. ముప్పది యేండ్లు కూడా పట్టలేదు! మూడు వేల పక్షులు కట్టిన నగరము ఒక తరములో శూన్యము కాగలిగినప్పుడు, ఒక పల్లెలోని కొన్ని చెట్ల మాట చెప్పనేల?

తేలినీలాపురానికి కూడా గండాలు రాకపోలేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసినది. అంతకు నాలుగేండ్ల ముందు, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను విశాఖ, విజయనగరం జిల్లాల చెట్లను అట్లే కూల్చినది. తోట పోయిన రైతుకు నష్టపరిహారము వ్రాసుకొనే గుమాస్తా వస్తాడు. గూడు చెట్టు పోయిన కొంగకు ఎవరూ రారు. గాలి చేసిన నష్టము ఇట్లుండగా, 2021 డిసెంబరు మొదలు కొన్ని వారాలలో తేలినీలాపురంలో నూటికి పైగా గూడబాతులు మరణించినవి. కడుపులో చేరిన నులిపురుగులు కారణమని పరీక్షలలో తేలినది. పక్షి ఆ పురుగును గాలిలో పట్టుకొనదు; తిన్న చేపల ద్వారా వస్తుంది. చేప పెరిగిన నీటిలో ఏమున్నదో అదే గూటిలోని పిల్ల నోటికి చేరుతుంది. కాబట్టి చెట్టుకు కంచె కట్టి పక్షిని రక్షించినామని అనుకొనుట పొరపాటు. చెట్టు పక్షికి పడకగది మాత్రమే. వంటయిల్లు తంపరలో ఉన్నది.

ఆ తంపరలు, బీలలు ఎవరివి? ఈ ప్రశ్న మన జిల్లాలో రక్తము చిందించినది. సోంపేట బీలలో బొగ్గు విద్యుత్ కేంద్రము నిర్మించుటకు పూనుకొన్నప్పుడు, అది పనికిరాని బంజరు అని కాగితాలు చెప్పినవి. అక్కడ చేపలు పట్టేవారు, వరి పండించేవారు, పశువులు మేపేవారు కాదన్నారు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణనష్టము జరిగినది. ఆ రోజుననే జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసినది. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర విషయములోను కాల్పులు జరిగి మనుష్యులు మరణించినారు. విద్యుత్తు అక్కరలేదని మేము వాదించుట లేదు. ఈ వ్యాసమును దీపము క్రిందనే వ్రాస్తున్నాము. మేము చెప్పదలచినది ‘బంజరు’ అనే మాటను గూర్చి. నాగలి దిగని నేలనంతటినీ బంజరు అని వ్రాయుట కచేరీ పరిభాష. ఆ నేల వరదనీటిని పట్టి నిలుపుతుంది, బావులకు ఊట నిస్తుంది, చేపకు పుట్టిల్లవుతుంది. ఇన్ని పనులు చేసే దానికి పనికిరానిదని పేరు పెట్టిన పిదప, దానిని కాపాడుమని ఎవరితో చెప్పుకోగలము? పార్కును పార్కు అన్నట్లే బీలను బీల అనుట సంరక్షణలో మొదటి మెట్టు.

ఇక విహారము సంగతి. చూడకుండా ప్రేమించుట సాధ్యము కాదు గనుక, విద్యార్థులు ఈ స్థలాలకు వెళ్లకూడదని మేము అనము, తప్పక వెళ్లవలెను. అయితే ఎట్లు వెళ్లవలె ననునది నేర్చుకోవలసిన విద్య. గూడబాతు గుడ్లను సుమారు ఒక నెల పొదుగుతుంది. పిల్లకు రెక్కలు వచ్చుటకు మూడు నుండి ఐదు నెలలు పడుతుంది. అంతవరకు ఆ పిల్ల గూటిలో బందీ వంటిది. నలభై మంది ఒక్కసారిగా చెట్టు క్రిందికి పోయి కేకలు వేస్తే తల్లి లేచిపోతుంది. ఎండ గుడ్డు మీద పడుతుంది. కాకి ఎక్కడనో కాచుకొని ఉంటుంది. బెదిరిన పిల్ల తిన్న చేపను కక్కుకొంటుంది, లేదా గూటి అంచు దాటి క్రింద పడుతుంది. మన వారు సెల్‌ఫోనులో బొమ్మ తీసుకొని, పక్షులు ఎంత అందముగా ఎగిరినవో అని సంతోషించి బస్సు ఎక్కుతారు. అది అందము కాదు, భయము. పక్షి కూర్చున్న చోటనే కూర్చుండి ఉంటే మన సందర్శనము సఫలమైనట్లు లెక్క.

తమిళనాడులో శివగంగ జిల్లా వేట్టంగుడి దగ్గరి పల్లెలవారు అక్కడి పక్షులు బెదరకుండుటకై దీపావళికి టపాకాయలు కాల్చుట మానుకొన్నారు. పిల్లలు కూడా! ఒక్క పూట లౌడుస్పీకరు లేకుండా వనభోజనము చేయలేని మనము వారి ముందు సిగ్గుపడవలసి ఉన్నది.

వనభోజనము అనగానే విస్తళ్ల సంగతి చెప్పక తప్పదు. కార్తీకములో తాటిపూడి గట్టున గాని, ఏ కొండ దిగువన గాని ఆదివారము సాయంత్రము చూడండి: తెల్లని థర్మోకోలు పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు, గాలికి ముళ్లకంపకు చిక్కుకొన్న సంచులు. థర్మోకోలు, ప్లాస్టిక్ పళ్లేలను, గ్లాసులను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించినారు; నిషేధము గట్టు దాకా వచ్చినట్లు కనిపించదు. విడ్డూరమేమనగా, అడ్డాకు విస్తరికి పుట్టినిల్లు మన ఏజెన్సీ కొండలే. సవర, జాతాపు స్త్రీలు కొండ ఎక్కి అడ్డాకు కోసి, ఎండబెట్టి, ఈనెలతో కుట్టి సంతలో అమ్ముతారు. అందులో తిని పారవేస్తే పశువు తింటుంది, లేదా నేల తింటుంది. మనకు చేరువలో దొరికే వస్తువును విడిచి, ఎక్కడనో కర్మాగారములో పుట్టి ఎన్నటికీ చావని పళ్లెమును కొని తెచ్చి చెరువులో వదలుట ఏ పాటి నాగరికత?

కొండల విషయమునకు వస్తే, శాలిహుండం శిథిలాలను 1919లో వెలుగులోనికి తెచ్చినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వాడుకభాష కోసము పోరాడిన ఆ మహనీయుడే కొండ కొండ తిరిగి సవర భాషను నేర్చినాడు, శాసనాలను చదివినాడు. అట్టివారు చదివిన రాళ్ల మీద నేడు మన యువకులు బొగ్గుతో, మేకుతో తమ పేర్లు, తమ ప్రేయసుల పేర్లు వ్రాస్తున్నారు. రెండువేల యేండ్ల తరువాత ఎవరైనా పరిశోధకుడు వీటిని కూడా చదువుతాడని ఆశ కాబోలు! రక్షిత కట్టడాన్ని చెడగొట్టినవారికి రెండేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధించుటకు 2010లో సవరించిన చట్టము వీలు కల్పించినది. ఈ సంగతి తెలిసిన విద్యార్థిని మేము ఇంతవరకు చూడలేదు.

సముద్రతీరములో జాగ్రత్తలు వేరు. చలికాలము చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి రాత్రివేళ వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, ఒక్కొక్కటి నూరు గుడ్ల వరకు పెట్టి వెళ్లిపోతవి. దాదాపు యాభై రోజులకు పిల్లలు పైకి వస్తవి. చీకటిలో సముద్రపు అలల మీది మెరుపును చూచి అవి నీటి వైపు నడుస్తవి. వెనుక వైపు హోటలు దీపమో, మన చేతి టార్చియో కనిపిస్తే దారి తప్పి ఆ వైపుకు వస్తవి. తెల్లవారేసరికి కుక్కలకు, కాకులకు ఆహారమవుతవి. కాబట్టి బారువలో గాని, కళింగపట్నంలో గాని ఆ నెలలలో రాత్రి మంటలు వేసి ఆటలాడుట మానవలెను. ఇందుకు ధనము అక్కరలేదు, చదువు కూడా అక్కరలేదు.

విజయనగరం అయ్యకోనేరు గట్టు, శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు వంటి ఊరిలోని స్థలాలను గూర్చి ఎక్కువ వ్రాయుట లేదు. అవి రోజూ మన కంటబడేవే. ఉదయము నడకకు పోయే పెద్దలు, సాయంత్రము ఇంటి పని ముగించుకొని వచ్చే స్త్రీలు, చదువుకొనుటకు ఇంట చోటు లేక బల్ల మీద కూర్చొనే విద్యార్థి – వీరికి అవి ఉబుసుపోక కాదు, అవసరము. సొంత తోట గలవాడు పార్కు పాడైనదని బాధపడడు. రెండు గదుల ఇంట ఎనిమిది మంది ఉన్నవాడు బాధపడతాడు. మన కళాశాలలో అధిక సంఖ్యాకులు ఏ కోవకు చెందినవారో కమిటీ పెద్దలకు తెలియనిది కాదు.

డాక్టర్ సాలిం అలీగారిని గూర్చి మన విద్యార్థులు తప్పక తెలుసుకోవలెను. 1896లో బొంబాయిలో జన్మించి, చిన్ననాటనే తలిదండ్రులను కోల్పోయి, మేనమామ ఇంట పెరిగిన ఆయన పక్షులపై ఆసక్తి గాలితుపాకితో మొదలైనది! తాను కొట్టిన పిచ్చుక మెడ క్రింద పసుపు మచ్చ ఏమిటని అడుగుటకు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్లిన బాలుడు, తరువాత ఆ సంఘానికే వెన్నెముక అయినాడు. తగిన విశ్వవిద్యాలయ పట్టా లేదని ఉద్యోగము కూడా దొరకలేదు. 1987లో మరణించువరకు ఆయన ఆయుధాలు ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు. భరతపూరు నీటిపట్టు నేడు నిలిచి ఉన్నదన్న అందులో ఆయన కృషి చాల ఉన్నది.

కనుక కమిటీవారికి మా విన్నపము ఇది. ఏటా విహారయాత్రకు లౌడుస్పీకరు అద్దెకు, బస్సు అలంకరణకు కేటాయించే మొత్తముతో ఈ ఏడు మధ్యరకము దుర్భిణులు రెండు కొనవలెను. అవి గ్రంథాలయములో పుస్తకముల వలె ఉండి, సంతకము చేసి తీసుకొనే వీలు కల్పించవలెను. తేలినీలాపురము యాత్ర నూరు మందితో ఒక్క దినము గాక, ఇరవై మంది చొప్పున ఐదు శనివారములు, డిసెంబరు, జనవరి నెలలలో జరుపవలెను. నౌపడా జంక్షను దాకా రైలు ఉన్నది గనుక బస్సు అక్కరలేదు. ప్రతి జట్టు తాను చూచిన గూళ్ల సంఖ్యను, చెట్టు పేరును, తంపరలో నీటిమట్టమును ఒక దళసరి పుస్తకములో తేదీతో సహా వ్రాయవలెను. తెలుగులో వ్రాసినను సరే, ఉర్దూలో వ్రాసినను సరే. పల్లెవారిని అడిగి, వారు చెప్పినది కూడా వ్రాయవలెను. ఎడమ పుట ఈ ఏటికి, కుడి పుట వచ్చే ఏటికి ఖాళీగా విడువవలెను. పుస్తకము వెల, దుర్భిణుల వెల అంచనా వేసి కార్యాలయములో ఇచ్చి ఉన్నాము.